శునకక్షౌరం

ఆంగ్లంలో 'క్లిప్' అనే క్రియకు రెండు విరుద్ధార్థాలున్నాయి. కత్తిరించడం ఒకటి, కలిపి పట్టి ఉంచడం మరొకటి. అనువాదం వృత్తిగా గల నాకు ఈ మాట కాగితం మీద ఎన్నడూ చిక్కు తెచ్చిపెట్టలేదు గాని, రాయ్‌పూర్ గోల్‌బజారులో తెచ్చిపెట్టింది. కుక్కకు క్లిప్పరు కావాలని అడిగితే దుకాణదారు మొదట గోళ్ల కత్తెరను, పిమ్మట జడకు పెట్టుకునే క్లిప్పులను చూపించాడు. మూడవసారి గాని అసలు వస్తువు బల్ల మీదికి రాలేదు. తీరా చూస్తే అది మనుషుల గడ్డాలకు వాడేది!

మా బంటీ లాసా ఆప్సో పోలికలు గల సంకరజాతి శునకం. దాని వెంట్రుకలు మన తలజుట్టు వలె పెరుగుతూనే ఉంటాయి. వారం రోజులు దువ్వెన తగలకపోతే చెవుల వెనుక, చంకలలో అట్టలు కడతాయి. ఆ అట్టల కింద చెమ్మ నిలిచి చర్మం పుండు పడుతుంది. పిడుదులకైతే అంతకంటె భద్రమైన నివాసం ఉండదు. రెండేళ్ల క్రితం ఊళ్లోని ఒక దుకాణంలో దానికి క్షౌరం చేయించి తెచ్చాము. ఆ రాత్రి అది పొట్టను నేలకు ఆనించలేక, నిలబడే కునికిపాట్లు పడింది. వేడెక్కిన బ్లేడు చర్మాన్ని కమిలించింది. నాటి నుండి ఆ పని ఇంట్లోనే జరుగుతున్నది.

మనుషుల యంత్రం కుక్కకు చాలదన్న మాట వ్యాపారుల కల్పన కాదు. దట్టమైన వెంట్రుకలలో చిన్న మోటారు నీరసించి, తెగవలసిన వెంట్రుకను పట్టి లాగుతుంది. ఒక్కసారి ఆ నొప్పి ఎరిగిన కుక్క మరల సులభంగా కూర్చోదు. అందుచేత బలమైన మోటారును, తక్కువ చప్పుడును ముందు చూడాలి. పెట్టె మీది ప్రశంసలు చదవడం కంటె, దుకాణంలోనే ఆడించమని చేతిలోకి తీసుకుని అదురు ఎంత ఉన్నదో గమనించడం మేలు.

బ్లేడ్లు విడిగా మార్చుకునే వీలు ఉండాలి. వీటి అంకెల లెక్క తలక్రిందులు: అంకె పెరిగిన కొద్దీ మిగిలే వెంట్రుక పొట్టిదవుతుంది. 4వ నంబరు 9 మిల్లీమీటర్లకు పైగా మిగిల్చితే, 10వ నంబరు మిగిల్చేది సుమారు ఒకటిన్నర. కొత్తవారికి 10వ నంబరు, దానిపై అమర్చే దువ్వెన తొడుగులు చాలును. పళ్లు ఎడం ఎడంగా ఉన్న బ్లేడును మాత్రం కొనవద్దని నా సలహా. పలుచని చర్మం ఆ పళ్ల సందున ఇట్టే చిక్కుకుంటుంది.

యంత్రం ఇంటికి రాగానే క్షౌరానికి కూర్చోరాదు. మూడు నాలుగు రోజులు దానిని ఊరకనే ఆడిస్తూ బంటీకి పక్కన రొట్టెముక్కలు పెట్టాము. స్నానం చేయించి, పూర్తిగా ఆరనిచ్చి, చిక్కులు విప్పిన తరువాతనే కత్తిరింపు. మురికి వెంట్రుక బ్లేడును మొద్దుబరుస్తుంది. బ్లేడును చర్మానికి సమతలంగా ఆనించి, వెంట్రుక వాలిన దిశలోనే నడపాలి. చంకల వద్ద, గజ్జల వద్ద చర్మం మడతలు పడుతుంది గనుక ఎడమచేతితో సాగదీసి పట్టుకోవాలి. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది వేడి. అయిదు నిమిషాలకొకసారి బ్లేడును నా మణికట్టు లోపలివైపు తాకించి చూస్తాను. చురుక్కుమంటే యంత్రం ఆపి, చల్లారనిచ్చి, రెండు చుక్కల మిషను నూనె వేస్తాను. ఇక్కడ తొందర పనికిరాదు. ఒక్కొక్కప్పుడు సగం కుక్కను మరునాటికి వాయిదా వేయడం కూడా జరుగుతుంది!

ఎదురింటి తెల్లని స్పిట్జ్ సంగతి వేరు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్', అదే తెలుగులో 'ప్రేమాలయం', చూసినవారికి టఫీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. దానిదీ ఈ జాతే. మన ఇళ్లలో దీనినే పామరేనియన్ అంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవారనే రోజులనే ఇక్కడ నౌతపా అంటారు. మే నెలలో ఈ ఊరి ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. అటువంటి ఒక ఉదయం ఎదురింటామె వచ్చి, "దీదీ, మీ మిషను ఒక్క గంట ఇవ్వండి. పాపం, ఉన్నికోటు తొడుక్కుని ఉడికిపోతోంది, నున్నగా తీసేస్తాను" అన్నది.

ఆమె జాలి నిజమైనదే. అయితే కుక్క మనవలె ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, ప్రధానంగా రొప్పడం ద్వారానే చల్లబడుతుంది. స్పిట్జ్‌కు పైన గరుకు వెంట్రుకలు, లోపల మెత్తని నూగు, రెండు పొరలు. పైపొర ఎండను చర్మం మీద పడనీయదు. దానిని గొరిగితే చర్మం ఎండకు మాడుతుంది. వెంట్రుక మచ్చలు మచ్చలుగా రావచ్చు, కొన్ని కుక్కలకు ఏడాది గడచినా సరిగా రాదు. పశువైద్యుడు చర్మవ్యాధికని చెబితే తప్ప ఆ పని చేయరాదు.

ఇరుగుపొరుగుల మధ్య వస్తువు లేదనడం కంటె ఇవ్వననడం కష్టం. ఇవ్వననే అన్నాను. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడవనాడు తెల్లవారకముందే, పళ్లు పొడవైన ఇనుప దువ్వెన పట్టుకుని వారి వసారాలోకి నేనే వెళ్లాను. గంటసేపు ఇద్దరం దువ్వితే ఒక దిండుకు సరిపడేంత తెల్లని నూగు ఊడివచ్చింది. కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, తడి గోనెపట్టా మీద కాళ్లు చాచి పడుకున్నది. ఆమె టీ పెట్టింది. దువ్వెన మాత్రం ఇంకా నాకు తిరిగి రాలేదు.