‘చాలు’ అను మాట

డిసెంబరు నెల ప్రవేశించుటతోడనే మా వీథిలో మొట్టమొదట మేడలమీది కెక్కునది నక్షత్రము. మా బాల్యమున మా తండ్రిగారు వెదురుబద్దలు చీల్చి, దారముతో గట్టి, గాలిపటముల కాగితము నతికించి, లోపల నొక చిన్న దీపము నుంచి, పొడుగాటి గడకు దానిని వ్రేలాడదీసెడివారు. గాలి విసరినచో దీప మారెడిది. ఒక్కొక్క యేడు కాగిత మంటుకొని నక్షత్రమే బూడిద యగుటయు గలదు. మఱునాడు మరల గట్టెడివారు. ఇప్పుడు నక్షత్రములు అంగళ్ళలో దొరకుచున్నవి. విద్యుద్దీపములతో రంగులు మార్చుచు రాత్రి యంతయు మినుకుమినుకు మనుచుండును. రెండేండ్ల క్రిందట మా పొరుగువారు తమ డాబాపై మా దానికంటె రెట్టింపు నక్షత్రమును నిలిపిరి. మఱునాటి సాయంకాలమునకు మేము దానికంటెను బెద్దది తెచ్చితిమి. అంతతో నాగలేదు. పెద్ద నక్షత్రము క్రింద పాత తెరలు బాగుండవని క్రొత్త తెరలు, క్రొత్త తెరలకు దగిన కుర్చీలు, పిల్లలకు రెండేసి జతల బట్టలు, ఇవన్నియు వాయిదాలమీద గొనబడెను. ఆ వాయిదాలు ఆగస్టు నెలవఱకు మా జీతమును గొఱుకుచునే యుండెను. బేత్లెహేము మీది నక్షత్రము తూర్పుదేశపు జ్ఞానులకు దారి చూపెనని సువార్త చెప్పుచున్నది. మా డాబామీది నక్షత్రము మమ్ము తిన్నగా అప్పులవాని గుమ్మమునకు జేర్చెను.

ఈ సంగతి సిగ్గుతోనే చెప్పుకొనుచున్నాము. ఏలయన, ఆ ఋణము తీరిన నాలుగు నెలలకే, అనగా గడచిన డిసెంబరులో, సంతృప్తిని గూర్చి యుపన్యసింపుమని మమ్మొక పల్లెకు బిలిచిరి. మేమును వెనుకాడక యొప్పుకొంటిమి.

మేమున్నది బాపట్ల చీరాలల నడుమ నొక చిన్న యూరు. అచ్చటి పాఠశాలలో నాంగ్లమును, అవసరమైనప్పుడు సంస్కృతమును జెప్పుచుందుము. ఆ పల్లె మాకు నాలుగు మైళ్ళు, చుట్టును వరిచేలు. పండుగకు ముందుగా జరుపుకొను కూటములకు మా ప్రాంతమున ‘సెమీ క్రిస్మస్’ అని పేరు. ఏ భాషాశాస్త్రజ్ఞుడును సమర్థింపజాలని పేరిది. అయినను దానివలన జనులకు గలుగు నానందము మాత్రము సగము కాదు. రేకుల కప్పుగల చిన్న మందిరము, నేలపై బఱచిన పట్టాలు, చేలనుండి తిన్నగా వచ్చిన స్త్రీలు. వానలకు నానిన పల్లపు చేలలోనికి కోతయంత్రములు దిగలేదు గావున నా యేడు వారికి చేతినిండ బని. వారి జుట్టున గడ్డితునకలును, వ్రేళ్ళపై కొడవలి గీతలును మాకు గనబడుచునే యుండెను.

ఉపన్యాసము బాగుగ సాగెనని మే మనుకొంటిమి. పౌలు చెరలో నుండి ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన లేఖను విప్పి, కలిమిలోను లేమిలోను నొకే తీరున నుండుట తాను నేర్చుకొంటినని యాయన చెప్పిన భాగమును జదివితిమి. అచ్చట నాయన వాడిన ‘అవుతార్కేస్’ అను గ్రీకు పదము స్తోయికు తత్త్వవేత్తలది. తనకు దాను చాలినవా డని దాని యర్థము. ఇదియు జాలక, పతంజలి యోగసూత్రములలో శౌచము తరువాత సంతోషము రెండవ నియమముగ జెప్పబడినదనియు, సంస్కృతమున సంతోషమనగా కేరింతలు కాదు, ఉన్నదానితో దనియుట యనియు, తెలుగువారు దానిని వేడుకగా మార్చుకొన్నారనియు వివరించితిమి. భర్తృహరిని గూడ వెంటబెట్టుకొని పోతిమి. కోతకూలీల యెదుట నిన్ని భాషల పాండిత్యము నొక్కమాఱు గుమ్మరించిన ఘనత మాకు దక్కినది. వారు శ్రద్ధగా వినిరి. కొందఱు నిద్రించిరి, పగలెల్ల వంగి కోసినవారు నిద్రించుటలో దోషమేమి?

కూటము ముగిసినపిదప నొక వృద్ధురాలు మాకు టీ గ్లాసు నందించుచు మెల్లగా నిట్లనెను: “బాగా చెప్పారు మాస్టారూ. చాలు అనుకోటం మాకు పుట్టినకాణ్ణించీ అలవాటే. మూడువారాల కోతకూలి రావాల బాబూ. పండగెళ్ళాక చూద్దాం అంటన్నారు. ఆయన మీ గుడికే వస్తారుగా! ఈ వాక్యం అక్కడ గూడా ఒకసారి చెప్పకూడదా?”

ఆమె కంఠమున నెత్తిపొడుపు లేదు. ఉన్నచో మాకు గొంత సుఖముగ నుండెడిది, కోపించుటకు వీలు చిక్కెడిది. ఆమె చెప్పిన పెద్దమనుష్యుడు మా సంఘపు పెద్దలలో నొకడు. మాకు ఉద్యోగము దొరకినప్పుడు మాటసాయము చేసినవాడు. మేము “చూద్దామమ్మా” అంటిమి. ఆ మాట బయటబడినపిదప గాని, అది ఆ పెద్దమనుష్యుని మాటయే యని మాకు దోచలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లూకా సువార్త మూడవ యధ్యాయమును దెఱచితిమి. పండుగకు ముందు వచ్చు నాగమన కాలమున బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటనను జదువుట యనేక సంఘములలో బూర్వాచారము. మేమెన్ని మాఱులు చదివియుంటిమో లెక్కలేదు. మేమేమి చేయవలెనని జనులు యోహాను నడిగిరి. రెండంగీలు గలవాడు లేనివాని కొకటి యియ్యవలె ననెను. సుంకరులతో, నిర్ణయించినదానికంటె నెక్కువ వసూలు చేయవల దనెను. సిపాయిలతో, ఎవరిని బెదరించి గుంజుకొనక తమ జీతముతో దృప్తి నొందవలె ననెను. ఈ తృప్తికిని, పౌలు వాడిన పదమునకును గ్రీకున ధాతువొక్కటే. అయితే యా రాత్రి మాకు దట్టినది ధాతువు కాదు. ఆ మాట చెప్పబడిన దెవరికి? చేత నాయుధమున్నవానికి. అంగీ లేనివానిని జూచి నీవు తృప్తి నొందు మని యోహా నొక్కమాటయు ననలేదు. వానికి రావలసిన యంగీ యెవరియొద్ద నున్నదో చెప్పెను.

పౌలైనను అంతే. ఆయన తన తృప్తిని తన్ను గూర్చి చెప్పుకొనెను. పైగా నా లేఖ, ఫిలిప్పీవారు ఎపఫ్రొదితు చేత బంపిన కానుక నందుకొని వ్రాసిన కృతజ్ఞతాలేఖ. తనకు గొదువ లేదని చెప్పుచునే, నా శ్రమలో బాలుపంచుకొని మంచిపని చేసితి రని వారిని మెచ్చుకొనెను. మేమా భాగమునకు రాకమునుపే పుస్తకము మూసితిమి. చేలు కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొఱపెట్టుచున్నదని యాకోబు పత్రికలో నున్నది. కూలివాని కూలి తెల్లవాఱువఱకు నీయొద్ద నుండరాదని లేవీయకాండమున నున్నది. కోతల పల్లెకు బోవుచు, కోతకూలిని గూర్చిన వాక్యము నింటివద్ద విడిచి, భర్తృహరిని దీసికొనిపోయిన పండితులము మేము!

బేత్లెహేమనగా హెబ్రీ భాషలో రొట్టెల యిల్లు. ఆ యూరి చేలలోనే రూతు అను పరదేశపు విధవ పరిగె యేరుకొని యత్తను బోషించెను. దావీదు ఆమె మునిమనుమడు. క్రీస్తు జన్మకథకు వెనుక నొక పరిగె చేను గలదన్న మాట. కళ్ళములలో ధాన్యము రాశిపోయుచున్న మా డెల్టావారి డిసెంబరునకు, మంచు గప్పిన దేవదారు చెట్ల బొమ్మలకంటె నీ కథ దగ్గఱి చుట్టము. మా పాఠశాలలో పిల్లలు దూదిని మంచుగా నంటించుచుందురు. మేమే దగ్గఱ నుండి యంటింపజేయుదుము.

మా ప్రాంతపు చరిత్రలో దీనికి సంబంధించిన సంగతి యొకటి గలదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును బాడుచేసిన కఱవులో, ఒంగోలున నుండిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు 3½ మైళ్ళ పనిని గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి బని కల్పించి కూలి యిప్పించెను. అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై యా కాలమున బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో నొక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మావారు కూటములలో గర్వముతో జెప్పుదురు. అంతకుముందు కాలువగట్టుమీద ముట్టిన కూలిని గూర్చి చెప్పగా మేము వినినది తక్కువ. ఆ కూలి ముట్టినవారి మునిమనుమలే యిప్పుడు కొందఱు కూలి యిచ్చువారై నారు.

తెల్లవాఱినపిదప నీ సంగతి యంతయు మా యిల్లాలితో జెప్పితిమి. ఆ పెద్దమనుష్యుని యింటికి బోయి మొగముమీదనే యడుగవలె నని మా యావేశము. ఆమె కాఫీ చల్లార్చుచు విని, “వెళ్ళండి, నేను వద్దనను. వెళ్ళేముందు మన పనిమనిషి సంగతి కూడా చూడండి” అనెను.

అక్టోబరు నెలలో మా పనిమనిషి కూతురి కాన్పునకు బోయి యాఱు దినములు రాలేదు. ఆ యాఱు దినముల జీతమును గోయుమని చెప్పినవారము మేమే. అప్పు తీరిన క్రొత్తలో మాకు బొదుపు నేర్చుకొంటి మను గర్వ ముండెను. ఆ పొదుపును ఆమె జీతమునుండి మొదలుపెట్టితిమి. అప్పుడు మా యిల్లాలు వద్దనియే చెప్పెను. ఇల్లు చక్కబెట్టుకొనుట నేర్వనివా డన్యాయమును సహింపడని లోకమున బేరు దెచ్చుకొనుట యెంత సులభమో ఆ కాఫీ గ్లాసుముందు మాకు దెలిసినది. ఆ దినమే సొమ్మును, దానితో క్షమాపణమును నామె కిచ్చితిమి. ఆమె సొమ్ము లెక్కపెట్టుకొనెను. క్షమాపణమునకు “పర్లేదండి” అనెను. పరవా యున్నదనుటకు జీతగత్తెకు వీలేది?

తృప్తి నేర్చుకొనవలసిన విద్య యని పౌలు వ్రాసెను గదా. ఆ విద్య మా తల్లిగారికి వచ్చును. ఆమె ప్రతిపూట ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేసెడివారు. ఆదివార మా బియ్యము మందిరమునకు బోయి, యచ్చటనుండి లేనివారి యిండ్లకు జేరెడిది. కొలత తక్కువైన దినములలో నా పిడికిలి చిన్నదగుట మేము చూచితిమి గాని, మానుట చూడలేదు. ఆమె తృప్తిని గూర్చి యెన్నడును మాటాడినవారు కారు. ఆ కుండ మా యింట నిప్పుడు లేదు. ఎప్పుడు పోయినదో మా యిరువురిలో నెవరికిని జ్ఞాపకము లేదు.

మఱునాటి సాయంకాలము అరిసెల డబ్బాతో నా పెద్దమనుష్యుని యింటికి బోతిమి. వట్టిచేతులతో బోవుటకు ధైర్యము చాలలేదు. కుశలప్రశ్న లయినపిదప నెట్లో మాట దెచ్చితిమి. “మిల్లు డబ్బు ఇంకా పడలేదండీ మాస్టారూ. నేనెక్కణ్ణించి తెచ్చేది?” అని యాయన యనెను. అది యబద్ధము కాదు. ధాన్యము తడిసినది, ధర విఱిగినది, ఆయనకు రావలసినదియు రాలేదు. అయితే గోడలకు వేసిన క్రొత్తరంగు వాసన యింకను బోలేదు. డాబామీది నక్షత్రము వెలుగు మా యొడిలోని డబ్బామీద బడుచుండెను. మేము వాక్యములు చదువలేదు. ఆ పల్లెలో మమ్మడిగిన దెవరో చెప్పక, అడిగిన మాటను మాత్రము చెప్పితిమి. మా పనిమనిషి సంగతియు, మా క్రిందటి యప్పుల సంగతియు జెప్పితిమి. ఆయన చాలసేపు నేలవైపు చూచి, “మీరు పిల్లలకి పాఠాలు చెప్పుకోండి మాస్టారూ” అని లేచెను. అరిసెల డబ్బాను మాత్రము లోనికి బంపెను.

పండుగకు రెండుదినములు ముందుగ కూలి సగము ముట్టినదని తెలిసినది. తక్కినది సంక్రాంతికి. మా మాటవలననో, మిల్లు సొమ్ము పడుటవలననో చెప్పజాలము. రెండవదియే నిజమని మా యిల్లాలి యభిప్రాయము. క్రిస్మసు ఆరాధనలో నాయన మా వైపు చూడలేదు. చూడనందులకు మాకు బాధ కలుగలేదని వ్రాసినచో నది యసత్యము.

మా యింట ఆ యేడు పెద్ద నక్షత్రమును అటకమీదనుండి దింపలేదు. వెదురుబద్దలు తెచ్చి, పిల్లలను గూర్చుండబెట్టుకొని, మా తండ్రిగారి పద్ధతిలో నొకటి కట్టితిమి. ఒక కొమ్ము వంకరగా వచ్చినది. దానిని జూచి మా చిన్నవాడు మూడు దినములు మాతో మాటాడలేదు. పొరుగింటి వెలుగులో మా నక్షత్రము పగటి చంద్రునివలె వెలవెల బోయెను.

క్రిస్మసునాటి మధ్యాహ్నము మేమిరువురమును నా పల్లెకు బోతిమి. మరల నాలుగు మాటలు చెప్పుమని యడిగిరి. ఈ మాఱు పాటలు విని పోదుమంటిమి. పాటలైన పిదప ఆ వృద్ధురాలు మమ్ము తన గుడిసె యరుగుమీద గూర్చుండబెట్టి, విస్తరాకులో బూరెలు వడ్డించెను. రెండు వేసినంతనే మేము చేయి యడ్డముపెట్టి “చాలమ్మా, చాలు” అంటిమి.

“చాలంటే ఎట్టా మాస్టారూ, పండగపూట!” అని యామె మా చేతిని బ్రక్కకు దొలగించి మఱి రెండు వేసెను.