ఆర్గానిక్కేనా అని అడిగితే

నిన్న ఒకాయన ఫోన్ చేసి "అన్నా, మీ పంది మాంసం ఆర్గానిక్కేనా?" అన్నాడు. అయితే కిలోకి ఎక్కువిస్తానన్నాడు. కాదని చెప్పేశాను. మా ఆవిడ రాత్రి నుంచి నాతో మాట్లాడట్లేదు.

చిలగడదుంప తీగ, అజొల్లా మా పొలంలోవే, మందు కొట్టనివే. కానీ పంది 90 కిలోలకు రావాలంటే సుమారు 3 క్వింటాళ్ల దానా తింటుంది. అందులో ఎక్కువ భాగం బజార్లో కొన్న మొక్కజొన్న, సోయా చెక్క. అవి యూరియాతో పండినవేగా. హోటల్ ఎంగిలి మానేశాను కదా అంటారు కొందరు. అది మానింది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో. ఉడకని మాంసం ముక్కలో కూడా ఆ వైరస్ బతికే ఉంటుంది, వస్తే మందకి మందే పోతుంది.

ఇంకోటి చెప్పాలి. పోయిన ఈతలో "అంతా సహజంగానే" అని పట్టుబట్టి పిల్లలకి ఐరన్ ఇంజెక్షన్ వేయించలేదు. పంది పాలల్లో ఐరన్ చాలదు, మాదేమో సిమెంటు గచ్చు. మూడు వారాలకే పిల్లలు తెల్లగా పాలిపోయాయి, ఊపిరందక ఎగపోశాయి. తొమ్మిదింటిలో నాలుగు చచ్చిపోయాయి. తల్లి 114 రోజులు మోసిన పిల్లలవి. ఈసారి మూడో రోజే వేయించాను. రోజూ శుభ్రమైన ఎర్రమట్టి కూడా పోస్తున్నా, ముట్టెతో కెళ్లగించి తింటున్నాయి.

ఈ వానాకాలం ఎకరంలో మందుల్లేకుండా మొక్కజొన్న వేస్తున్నా. అది ఎన్ని పందులకి సరిపోతుందో కోశాక తెలుస్తుంది. ఆయన నంబరు మాత్రం దాచుకున్నాను.