బుడగల దండాన్వయం

బొగ్గుపులుసు వాయువు అన్న మాట వింటే ఈనాటి పిల్లలకు నవ్వు వస్తుంది. పులుసు అనగానే వారికి ములక్కాడలూ చింతపండూ స్ఫురిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన నాకు ఆ వాయువుతో పేరుకు మించిన పరిచయం ఉండేది కాదు. అరవై దాటిన తరువాత అది మా ఇంట్లో ఒక చిన్న ఉక్కు సిలిండరులో వచ్చి కూర్చుంది. దానితో నేను పడిన పాట్లు కొన్ని మిత్రులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం. మీలో చేపలతొట్టి పెంచేవారికి ఉపయోగపడవచ్చు, పెంచనివారికి కాలక్షేపం.

ముందుగా ఆ తొట్టి ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా శ్రీమతికి మొక్కలే లోకం. పెరట్లో పాదులు తీయడం, అంట్లు కట్టడం, పొద్దున్నే చిగుళ్లు లెక్కపెట్టడం ఆమె నిత్యకృత్యం. తుంటి ఎముక విరిగి మంచం పట్టాక పెరడు ఆమెకు పరదేశమైపోయింది. కిటికీలోంచి కనిపించేది ఎదురింటి గోడ. అప్పుడు మా మనవడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, రెండడుగుల గాజుతొట్టి తెచ్చి ఆమె మంచానికి ఎదురుగా అమర్చాడు. అందులో చేపలకంటె మొక్కలే ఎక్కువ. రొటాలా అనే సన్నని ఎర్రచిగుళ్ల మొక్క, నాగుపాములా వంకర్లు తిరిగే వాలిస్నేరియా, ముదురాకుపచ్చ క్రిప్టోకొరైను. ఒక డజను నియాన్ టెట్రా చేపలు. ఆనాటినుంచి ఆమె తోట అదే. ఏ కొమ్మ ఎన్ని ఆకులు వేసిందో మంచం మీదినుంచే చెప్పేది.

నీటిమొక్కకు ప్రత్యేకంగా వాయువు పట్టించడం ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. గాలిలో ఈ వాయువు ఉన్నది నూటికి 0.04 పాళ్లు మాత్రమే. గాలితో సమతుల్యమైన నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము చిల్లర ఉంటుంది. పైగా గాలిలో కంటె నీటిలో అది సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుచేత ఆకు చుట్టూ ఉన్న కాస్తా అయిపోతే మళ్లీ అందడానికి ఆలస్యం. దట్టంగా నాటిన తొట్టిలో, బలమైన దీపం కింద, ఆ కొరత మొక్కను కుంగదీస్తుంది. జపానుకు చెందిన తకాషి అమానో (1954–2015) ఇటువంటి జలోద్యానాలకు లోకమంతటా పేరు తెచ్చినవాడు. గాజు గిన్నెలో పింగాణీ బిళ్ల అమర్చిన డిఫ్యూజరు ఇంటింటికీ చేరడంలో ఆయన పాత్ర పెద్దది. ఆ బిళ్లలోని సూక్ష్మరంధ్రాల గుండా వాయువు పొగమంచులాంటి బుడగలై వెలువడి నీటిలో కరుగుతుంది. మావాడు అమర్చినదీ అటువంటిదే.

ఒకనాటి ఉదయం మా శ్రీమతి, "ఏమండీ, ఆ ఎర్రమొక్క చిగురు వేయడం మానేసింది. నాలుగు రోజులనుంచి చూస్తున్నాను" అన్నది. దగ్గరికి వెళ్లి చూస్తే నిజమే. చివరి ఆకులు చిన్నవై పాలిపోయాయి. పాత ఆకుల అంచున వెంట్రుకలవంటి నాచు. మనవడు దూరాన హాస్టల్లో, పరీక్షల మధ్య ఉన్నాడు. ఫోనులో అడిగితే, "తాతయ్యా, పండక్కి వచ్చి చూస్తాను, అందాకా ఆపేయండి" అన్నాడు. పండుగకు రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ ఆమె ఎదుట మొక్కలు కుళ్లుతుండగా నేను పేపరు చదువుకుంటూ కూర్చోలేను. తొట్టి సామగ్రి అమ్మే దుకాణదారు ఒకాయన ఫోటో చూసి, రెగ్యులేటరు పోయింది, కొత్తది కొనమన్నాడు. ఏది పోయిందో తెలియకుండా ఏది కొనాలో ఎలా తెలుస్తుంది?

పద్యం కొరుకుడు పడని పిల్లలకు నేను ఒకటే చెప్పేవాణ్ణి: ముందు పదాలు విడదీయండి, క్రియను పట్టుకోండి, తరువాత అన్వయం దానంతటదే కుదురుతుంది. ఇక్కడా అదే చేశాను. సిలిండరునుంచి బిళ్లదాకా ఉన్న భాగాలను వరుసగా కాగితం మీద వ్రాసుకున్నాను: సిలిండరు, రెగ్యులేటరు, దీపంతోపాటు తెరుచుకునే విద్యుత్ కవాటం, బుడగలు లెక్కించే గాజు బుడ్డి, వెనక్కు నీరు రానీయని ఏకముఖ కవాటం, గొట్టం, డిఫ్యూజరు.

సిలిండరు మీది ముల్లును చూసి వాయువు ఎంత మిగిలిందో చెప్పలేమని అప్పుడు తెలిసింది. లోపల అది ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల వద్ద పీడనం సుమారు 57 బార్లు. ద్రవం చుక్క మిగిలినంతవరకూ ముల్లు కదలదు. ద్రవం అయిపోయాకనే పడిపోతుంది. ఎండ పెరిగితే ముల్లూ పెరుగుతుంది. 31 డిగ్రీలు దాటితే ద్రవమన్నదే ఉండదు. కనుక సరైన పరీక్ష తూకమే. తూచాను. ఖాళీ బరువు సిలిండరు మెడ మీద చెక్కి ఉంది. వాయువు సగానికి పైగా ఉన్నది. కవాటం టిక్కుమని తెరుచుకుంటున్నది. బుడ్డిలో సెకనుకు ఒక బుడగ, మునుపటిలాగే. అంటే రెగ్యులేటరు నిర్దోషి. కాని బిళ్ల మీద చూస్తే పొగమంచు లేదు. ఒక అంచునుంచి రెండు మూడు లావు బుడగలు నింపాదిగా పైకి పోతున్నవి. బుడ్డిదాకా వచ్చినది బిళ్లదాకా రావడం లేదు. దోషం ఆ రెంటి నడుమ ఉన్నది.

సబ్బునీరు కలిపి చిన్న కుంచెతో ప్రతి అతుకునూ తడిపాను. ఏకముఖ కవాటం దగ్గర ఏమీ లేదు. దాని పని చెప్పాలంటే మన గోలీసోడాను తలుచుకోవాలి. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన సీసా అది. లోపలి వాయువే గోలీని మూతికి అదిమిపెట్టి తన దారి తానే మూసుకుంటుంది. ఇక్కడ వాయువు ముందుకు పోవచ్చు గాని, నీరు వెనక్కు వచ్చి రెగ్యులేటరులో చేరకూడదు. గొట్టం డిఫ్యూజరు గాజుకొనకు తొడిగినచోట మాత్రం సబ్బునురుగు పొంగింది. గొట్టం మూతి బిరుసెక్కి వదులైంది. ఒక వేలెడు కత్తిరించి కొత్త మూతిని లోపలిదాకా తొడిగాను.

అయినా సగమే ఫలించింది. నురుగు ఆగింది గాని, బుడ్డిలో బుడగలు మందగించాయి. గొట్టాన్ని డిఫ్యూజరునుంచి తీసి గ్లాసెడు నీటిలో ముంచితే వాయువు ధారాళంగా వచ్చింది. తిరిగి తొడిగితే మందగించింది. బిళ్ల ఉంటే అడ్డంకి ఉంది, లేకుంటే లేదు. తర్కశాస్త్రంలో అన్వయవ్యతిరేకాలంటే ఇవే. బిళ్ల రంధ్రాలను నాచు మూసేసింది. దారి లేని వాయువు వెనక్కు ఒత్తి, బలహీనమైన అతుకును వెతుక్కుంది. అతుకు లోపం కార్యం, నాచు కారణం.

బిళ్లను బ్రష్షుతో తోమరాదు. మురికి రంధ్రాలలోకి దిగుతుంది. పలుచని బ్లీచింగు ద్రావణంలో తెల్లబడేదాకా నానబెట్టి, పలుమార్లు కడిగి, క్లోరిను హరించే మందు కలిపిన నీటిలో మళ్లీ ఉంచాను. వాసన పూర్తిగా పోయాకే తొట్టిలో పెట్టాలి. బ్లీచింగులో వెనిగరువంటి పులుసు కలపడం ప్రాణాంతకం, విషవాయువు పుడుతుంది. ఈ ఒక్క మాట మాత్రం మరువకండి.

మరునాడు బిళ్ల మీద తెల్లని మంచు లేచింది. ఫిల్టరు ధార దాన్ని తీసుకుపోయి తొట్టి అంతా తిప్పేటట్టు డిఫ్యూజరును జరిపాను. ఇక తొందరగా బుడగలు పెంచుదామన్న ఆశను అణచుకోవలసి వచ్చింది. వాయువు హెచ్చితే ముందు చచ్చేది చేపలే. నీటిపైకి వచ్చి నోళ్లు తెరిస్తే అది ప్రమాద సూచన. అందుకే తొట్టిలో వేలాడే చిన్న గాజుబుడ్డిని నమ్ముకున్నాను. అందులో 4 డిగ్రీల కార్బనేటు కాఠిన్యం గల నీరు, బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు ఉంటాయి. నీలమైతే కొరత, పసుపైతే అతి, ఆకుపచ్చైతే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది కనుక, ఒక మార్పు చేసి మరొకటి చేసేముందు ఓపిక పట్టాలి. దీపం వెలిగేందుకు గంట ముందు వాయువు మొదలై, ఆరేందుకు గంట ముందు ఆగేటట్టు గడియారం సరిచేశాను. రాత్రివేళ మొక్కలూ ప్రాణవాయువునే పీల్చుకుంటాయి. అప్పుడు బొగ్గుపులుసు వాయువు వృథా మాత్రమే కాదు, చేపలకు బరువు కూడా.

రెండు వారాలకు రొటాలా చివర్లు ఎరుపెక్కాయి. ఒక మధ్యాహ్నం ఆకుల మీద ముత్యాలవంటి బుడగలు నిలిచాయి. ఇవి గొట్టంనుంచి వచ్చినవి కావు. ఆకు విడిచిన ప్రాణవాయువు. వెలుతురులో నీటిమొక్కలు విడిచే ఈ బుడగలనే ఇంగెన్‌హౌస్ అనే వైద్యుడు 1779లో పరిశీలించి గ్రంథస్థం చేశాడు. ఆ సంగతి చెప్పబోతే మా శ్రీమతి వినలేదు. "ఉండండి, మధ్యలో మాట్లాడకండి, ఎడమవైపు కొమ్మకు పదమూడు వచ్చాయి" అని చిగుళ్ల లెక్కలో పడింది.

ఆ తరువాత పంచాంగంలో ప్రతి అమావాస్య పక్కన "బిళ్ల" అని వ్రాసి ఉంచాను. నాచు పట్టినా పట్టకపోయినా ఆనాడు తీసి చూస్తాను. తిథుల పక్కన ఈ మాటేమిటని మా పురోహితులు అడిగారు. చెబితే నవ్వి, తమ ఇంట్లోనూ ఒక తొట్టి ఉన్నదన్నారు.