మా బండికి కిలోమీటర్లు లేవు, సంతలే



మాది చీడికాడ మండలం. కోనాం రిజర్వాయరు దాటాక కొండ మీద ఊరు. దారి మట్టిదే. నాలుగిళ్లకి కలిపి ఒకటే బండి, సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్. సంతకైనా, ఆసుపత్రికైనా అదే దిక్కు.

పోయిన దసరా సెలవులకి మేం హాస్టల్ నుంచి ఇంటికొచ్చి ఉన్నాం. వదినకి నొప్పులొచ్చాయి. అన్న బండి మీద ఎక్కించుకుని బయల్దేరాడు. ఊరు దాటాక ఎత్తులో చైను తెగిపోయింది. ఇక డోలీయే. మోసిన భుజాల్లో మావీ ఉన్నాయి. వదిన, పాప ఇద్దరూ బాగున్నారు. కానీ ఆ రోజు భయం ఇంకా పోలేదు.

దారంతా రోడ్డునే తిట్టుకున్నాం. మర్నాడు మెకానిక్కు చైను చేత్తో పట్టుకుని ఒకటే అడిగాడు: "దీనికి ఆయిలేసి ఎన్నాళ్లయిందిరా?" ఎవరం మాట్లాడలేదు.

హాస్టల్‌కి వెళ్లాక ఫోన్లో బండి మాన్యువల్ తీసి చదివాం. సర్వీసు 3000 కిలోమీటర్లకి ఒకసారి అని ఉంది. మా బండికి స్పీడోమీటర్ కేబుల్ తెగి ఏడాది అయింది, కిలోమీటర్లు ఎలా లెక్కపెట్టాలి? వారానికి సుమారు 100 కిలోమీటర్లు తిరుగుతుంది. అంటే ఒక సంతకి 100. అలా లెక్క కుదిరింది.

ప్రతి సంతకి: ఇంజన్ ఆపి రెండు మూడు నిమిషాలయ్యాక, బండి సెంటర్ స్టాండ్ మీద ఉండగా ఆయిల్ చూడాలి. పుల్ల తుడిచి, మర తిప్పకుండా దించి తియ్యాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. గాలి ముందు చక్రానికి 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 40.

ఐదు సంతలకి: చైను కిరోసిన్‌తో, బ్రష్‌తో కడిగి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ వెయ్యాలి. పాత ఇంజన్ ఆయిల్ వెయ్యొద్దు, అందులో ఇనప రజను ఉంటుంది. చైను మరీ బిగుతుగా ఉండకూడదు, వేలాడకూడదు. వానల్లో బురద తొక్కితే ఐదు సంతలు ఆగకుండా ముందే కడగాలి.

పది సంతలకి: ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు. బ్రేకు నొక్కినప్పుడు డ్రమ్ము దగ్గరున్న బాణం గుర్తు దాకా వస్తే షూలు మార్చెయ్యాలి. దిగుడులో మన ప్రాణం వాటి మీదే.

ముప్పై సంతలకి: ఇంజన్ ఆయిల్ మార్చాలి. మాన్యువల్లో 3000 దగ్గర తగ్గింది పోసి, 6000 దగ్గర మార్చమని ఉంది. మాది కొండ దారి, బరువులు ఎక్కువ, అందుకే 3000కే మారుస్తున్నాం.

ఇదంతా తెలుగులో అట్టముక్క మీద రాసి ఇంట్లో కట్టాం. అయ్యకి చదువు రాదు. అందుకని సంతకొకటి చొప్పున గోడ మీద బొగ్గుతో గీత పెడుతున్నాడు. మొన్న హాస్టల్‌కి ఫోన్ చేశాడు: "ఐదో గీత పెట్టాను. చైనే గదా?" అవునన్నాం.

రోడ్డు కోసం అర్జీలు పెడుతూనే ఉంటాం. అది మన హక్కు. కానీ చైనుకి ఆయిల్ వెయ్యడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా. మీ ఊరి బండికి ఆఖరిసారి ఎప్పుడు వేశారో ఈ రోజే ఇంటికి ఫోన్ చేసి అడగండి.