మరక ఒకచోట, రంధ్రం ఇంకోచోట

ఢిల్లీలో పై అంతస్తున కాపురం ఉండేవాళ్లకు వానాకాలంలో ఒక అలవాటు పడిపోతుంది. పొద్దున లేస్తూనే పైకప్పు వంక చూస్తారు, నిన్న లేని మరక ఇవాళ ఉందేమోనని. 2024 జూన్ 28 పొద్దుటికి సఫ్దర్‌జంగ్‌లో ఇరవై నాలుగు గంటల్లో 228.1 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారమంతా మా కాలనీలో ఎవరు ఎదురైనా కుశల ప్రశ్న ఒకటే: మీ ఇంట్లో సీలన్ (చెమ్మ) వచ్చిందా?

వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసే పని నాకు బాధగా ఉంటుంది. చెమ్మ ఆరకముందే గీకి పుట్టీ పెట్టించి, రంగు వేయిస్తారు. ఇంకాస్త డబ్బున్నవాళ్లు పీఓపీతో ఫాల్స్ సీలింగ్ కట్టించి, మరకని కంటికి కనబడకుండా చేస్తారు. నీళ్లు మాత్రం వాటి దారిన అవి లోపల దిగుతూనే ఉంటాయి. స్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, ఒకనాడు సిమెంటు పెళ్లలు మంచం మీద పడేదాకా ఎవరికీ తెలియదు.

ఇంటి పైకప్పు గురించి నాకు బాగా బోధపడింది ఒక చక్రాల ఇంటిని చూశాకే. నోయిడాలో ఉండే మా మిత్రుడొకాయన, కర్నూలు జిల్లా మనిషి, రిటైరయ్యాక కారు వెనక తగిలించి లాక్కుపోయే కారవాన్ చేయించుకున్నారు. కారవాన్ అనగానే మనకి సినిమా షూటింగుల దగ్గర నిలబడే బండి గుర్తొస్తుంది గాని, దీనికి అంత హంగు లేదు. ఇనప గొట్టాల చట్రం, దాని పైన అల్యూమినియం రేకు, కింద థర్మోకోల్, లోపలివైపు ప్లై. ఒక మంచం, గ్యాస్ పొయ్యి, గాలికి కప్పులో తెరుచుకునే చిన్న కిటికీ. వేసవి ముదిరేలోగా భార్యాభర్తలిద్దరూ కుమావూఁ కొండల వైపు వెళ్లొచ్చేవారు. రెండో వానాకాలంలో మంచం తలాపున ప్లై ఉబ్బి, నల్లటి బూజు పట్టింది.

మిస్త్రీ వచ్చి చూసి, "ఊపర్ సే సిలికాన్ మార్ దేంగే, సాబ్" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడకు ఆయాసం, బూజు వాసన తగిలితే రాత్రంతా కూర్చోవలసిందే. పైపైన పూస్తే ఈ బూజు ఎక్కడికి పోతుందన్నది ఆవిడ ప్రశ్న. మంచి ప్రశ్న. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా అంటుకోదు కూడా. పాతది మొత్తం గీకి, తుడిచి, పొడిగా ఉన్నప్పుడు పెడితేనే పట్టు.

అందుకని ఆ దంపతులు ఒక ఎండరోజు చూసుకుని, లోపల ప్లై ఊడదీసి పరీక్ష పెట్టుకున్నారు. ఆయన బయట నిచ్చెన మీద నిలబడి రబ్బరు గొట్టంతో నీళ్లు వదిలారు. ఒక్కసారిగా కాదు, కింది అతుకు నుంచి పైకి, ఒక్కో అతుకు మీద కాసేపు. ఆవిడ లోపల టార్చి పట్టుకుని చూశారు. నీళ్లు దిగింది తలాపున కానే కాదు. కప్పు కిటికీ వెనక మూల నుంచి దిగి, చట్రం గొట్టం వెంబడి నాలుగడుగులు పాకి, మంచం మీదికొచ్చి ఉబ్బు తేలింది. మరక ఉన్నచోట ఎంత సిలికాన్ పూసినా లాభం ఉండేది కాదు.

ఆ మూల ఎందుకు విడింది? ఇక్కడి ఎండే కారణం. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి రేకు డెబ్బై డిగ్రీల దాకా కాలుతుంది, జనవరి తెల్లవారుజామున ఐదుకి పడిపోతుంది. ఆరు మీటర్ల అల్యూమినియం రేకు ఆ రెంటి మధ్య తొమ్మిది మిల్లీమీటర్ల దాకా సాగి ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడంతా అతుకుల మీదే పడుతుంది. పెద్ద కట్టడాలకూ అతుకే ఆయువుపట్టు. 2023లో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనం లాబీలో మరుసటి ఏడాది వానకు నీళ్లు కారినప్పుడు, పైనున్న గాజు గుమ్మటం బిగించిన జిగురు పదార్థం కొంచెం జరిగిందని లోక్‌సభ సచివాలయం 2024 ఆగస్టు 1న చెప్పింది.

పొర మీద పొర వేస్తూ పోతే ఏమవుతుందో చూడాలంటే నిజాముద్దీన్ దాకా వెళ్తే చాలు. హుమాయూన్ సమాధి కప్పు మీద, కారకుండా ఉండాలని, ఎప్పటికప్పుడు సిమెంటు కాంక్రీటు వేస్తూ వచ్చారు. ఆగాఖాన్ ట్రస్టు, పురావస్తు శాఖ కలిసి 2013 నాటికి పూర్తిచేసిన మరమ్మతులో, ఆ కప్పు మీద నుంచి తీసి పారేసింది దాదాపు పది లక్షల కిలోలు! నాలుగున్నర శతాబ్దాల కట్టడం నెత్తిన అంత బరువు. ఆ లెక్క తెలిసిన నాటి నుంచి వాటర్‌ప్రూఫింగ్ డబ్బాతో ఎవరైనా మేడెక్కుతుంటే నాకు అదే గుర్తొస్తుంది.

మా సీమ చవుడు మిద్దెలూ ఈ సంగతి చెబుతాయి. తొలకరికి ముందు మిద్దెనెక్కి, మొలిచిన గడ్డి పీకి, వాలు సరిచూసి, గుంత పడ్డచోట చవుడు వేసి తొక్కేవారు. ఏటా ఒకసారి కప్పును మనిషి కళ్లు చూసేవి. ఏళ్ల తరబడి మట్టి మీద మట్టి కుమ్మరించుకుంటూ పోయిన మిద్దెలు ముసురుకు కూలడమూ అక్కడ అందరికీ తెలుసు. ఢిల్లీ పాత ఇళ్ల స్లాబుల మీదా గడ్డి కలిపిన మట్టి పరిచి ఇటుక పలకలు వేసేవారు, మట్టి ఫుస్కా అంటారు. ఇప్పుడు ఆ కప్పుల మీద ఏసీలు, డిష్‌లు, నీళ్ల ట్యాంకులు, ఒక్కోదానికీ ఒక్కో రంధ్రం.

కిటికీ మూల సరిచేశాక కూడా కారవాన్ ప్లైని వెంటనే బిగించలేదు. ఆగస్టు గాలిలో ఏదీ ఆరదు. అక్టోబరు పొడిగాలి వచ్చేదాకా చట్రం తెరిచే ఉంచారు, పాత ప్లైని మెత్తబడినంత మేరే కాకుండా గట్టి చెక్క తగిలేదాకా కోసి తీసేశారు. డిసెంబరులో మళ్లీ చుక్కలు కనబడితే ఇద్దరూ కంగారుపడ్డారు. చూస్తే అవి వాననీళ్లు కావు. రాత్రి ఊపిరి, పొద్దుటి టీ ఆవిరి చల్లటి రేకుకు తగిలి నీరవుతున్నాయి. థర్మోకోల్ సందులు మూసి, పడుకునేటప్పుడు కిటికీ వేలెడంత తెరిచి ఉంచడంతో ఆగింది. కొత్త ప్లైని మాత్రం జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి చూసుకోవచ్చు.

మా భవనంలోనూ ఈసారి కొత్త పొర వద్దని, తూము చుట్టూ పాత పొరలు పగలగొట్టి వాలు సరిచేయాలని అడుగుతున్నాను. ఖర్చు పై అంతస్తువాళ్లదే అని కొందరంటున్నారు. మేడ అందరిదీ కాబట్టి ఖర్చూ అందరిదేనని నా వాదన. వచ్చే మీటింగులో తేలాలి.