ప్లానోలో జిమ్ వేట
టెక్సాస్‌లోని ప్లానో ఊళ్ళో జిమ్నాస్టిక్స్ అంటే మహా మోజు. 2004లో కార్లీ ప్యాటర్సన్, 2008లో నాస్తియా లియుకిన్ ఒలింపిక్స్ ఆల్‌రౌండ్ స్వర్ణాలు గెలిచింది ఇక్కడి 'వోగా' జిమ్‌లో తయారయ్యే!

మా చెల్లెలి కూతురికి పదేళ్ళు. కాలేజీ స్కాలర్‌షిప్ దాకా వెళ్ళగలదని కోచ్ అనడంతో, అక్కచెల్లెళ్ళం ఆ చుట్టుపక్కల జిమ్‌లన్నీ తిరిగాం.

గోడమీది పతకాలు చూసి మురిసిపోకండమ్మా! పదో లెవెల్‌కి ఎందరు చేరారు, కాలేజీ జట్లకి ఎందరు వెళ్ళారు అని అడగండి. పది సెంటీమీటర్ల వెడల్పుండే బీమ్ మీంచి పిల్ల పడితే కసురుతున్నారా, ముందు దెబ్బ చూస్తున్నారా గమనించండి. తల్లుల్ని కూర్చుని చూడనివ్వని చోట అస్సలు చేర్చకండి. అమెరికా జట్టు డాక్టరు లారీ నాసర్‌కి 2018లో శిక్ష పడిన సంగతి మరవకూడదు కదా!

మావాళ్ళు పతకాలు తక్కువైనా ఇంటికి దగ్గరున్న జిమ్‌లోనే చేర్చారు. పిల్లకి హోంవర్కుకీ, వేడన్నానికీ టైము దొరుకుతోంది.