పెద్దాయన బుల్లెట్టుకు వెల

ధ్యాన భాగములు: ఆదికాండము 23వ అధ్యాయము; సామెతలు 20:14; 2 రాజులు 4:1-7



మన సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు ఏం చేయాలో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. పెట్టె ఎవరు తేవాలో, పాటలు ఎవరు ఎత్తుకోవాలో, వచ్చినవాళ్ళకు వంట ఎవరింట్లో పెట్టాలో అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి. జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా ఆ ఇంట్లో మనుషులు మసలుతూనే ఉంటారు. ఆ తర్వాత వచ్చే పనులకే తోడు దొరకదు. బ్యాంకు పుస్తకంలో పేరు మార్పించాలి. చేబదుళ్ళ లెక్క తేల్చాలి. వసారాలో గోనెపట్టా కప్పి నిలబెట్టిన బండిని ఏం చేయాలో నిర్ణయించుకోవాలి. ఇవన్నీ లోకసంబంధమైన పనులని, వీటిలో సేవకునికేం పని అని కొందరు అనుకుంటారు. బైబిలు అలా అనుకోలేదు.

ఆదికాండము 23వ అధ్యాయం తీసి చూడండి. శారా 127 ఏళ్ళు బ్రతికి హెబ్రోనులో చనిపోయింది. అబ్రాహాము ఆమె కోసం ఏడ్చాడు. ఆ మాట ఒక్క వచనంలో అయిపోతుంది. మిగిలిన అధ్యాయమంతా ఒక బేరం. సమాధి కోసం మక్పేలా గుహ కావాలని అడిగితే, ఊరికే తీసుకోమన్నాడు ఎఫ్రోను. అబ్రాహాము ఒప్పుకోలేదు. నిండు వెల ఇస్తానన్నాడు. ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా 400 తులముల వెండి వర్తకుల తూకం ప్రకారం తూచి ఇచ్చాడు. పొలం, గుహ, పొలంలో ఉన్న చెట్లు, గట్ల మీది చెట్లు కూడా ఆ లెక్కలో చేరాయని వాక్యం వివరంగా చెబుతుంది. భార్య పోయిన దుఃఖంలో ఉన్న మనిషి చేసిన లావాదేవీని దేవుడు ఇంత వివరంగా ఎందుకు రాయించాడు? దుఃఖంలో ఉన్నవాళ్ళ లెక్కలు సరిగ్గా ఉండాలని దేవుడు కోరుకుంటాడు గనుకే అని నేను నమ్ముతున్నాను.

ఇక మన సంఘంలో జరిగిన సంగతికి వస్తాను. ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

పెద్దాయన వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసేవారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో మోటారు కాలిపోయినా సామాన్ల సంచి బుల్లెట్టుకు తగిలించుకుని బయలుదేరేవారు. అది 1978లో రిజిస్ట్రేషన్ అయిన 350 బుల్లెట్టు. గేర్లు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత రకం. ఎన్‌ఫీల్డ్ ఇండియా వాళ్ళు మద్రాసు దగ్గర తిరువొత్తియూర్‌లో ఆ బండ్లు తయారు చేసేవారు. ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడిన తర్వాత కూడా ఇక్కడ వాటి తయారీ ఆగలేదు. ఆ బండి స్టార్ట్ చేయడానికి ఓపిక కావాలి. హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకు వచ్చేవరకు కిక్ రాడ్‌ను మెల్లగా తొక్కాలి. ఎడమచేతి వైపున్న డీకంప్రెషర్ మీట నొక్కి, రాడ్‌ను ఇంకాస్త కిందికి దించి, మీట వదిలేసి అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. అది తెలియని కుర్రాళ్ళు చెమటలు పట్టేదాకా తన్ని వదిలేసేవారు.

ఆ బండి మీదే మునుపటి అయ్యగారు వాగు అవతలి గ్రామాలకు కూడికలకు వెళ్ళేవారు. ప్రభురాత్రి భోజనపు పాత్రలు కూడా ఆ సంచిలోనే వెళ్ళేవి. పురిటి నొప్పులతో ఉన్న ఇద్దరు తల్లులను అర్ధరాత్రి దాని మీదే ఆసుపత్రికి చేర్చారు. అందువల్ల పెద్దాయన వెళ్ళిపోయాక ఆ బండి విషయంలో మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారు. అన్న గుర్తుగా ఇంట్లోనే ఉంచాలన్నాడు మరిది. రంగులు వేయించి హైదరాబాదు తీసుకెళతానన్నాడు కొడుకు. అది సంఘపు బండిలాంటిది, మందిరం దగ్గర పెట్టుకుందామన్నారు యవనస్థులు. ఆ అమ్మకు ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక సాయంకాలం నేను అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది: "అయ్యగారూ, ఆయన చెరువు కట్ట మీద ఉండగానే బండి శబ్దం వినపడేది. ఆ శబ్దం విని అన్నం వడ్డించేదాన్ని. నలభై ఏళ్ళు అట్లాగే చేశాను. ఇప్పుడు దాన్ని అమ్మితే ఆయన్ని అమ్మినట్టుంటుంది. అమ్మకపోతే వడ్డీ కట్టలేను."

అప్పటికి ఆసుపత్రి ఖర్చుల అప్పు 90,000 ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,800. ఆమె కూలికి వెళ్ళి సంపాదించేదాంట్లో అదెంత భాగమో లెక్క వేసుకోండి. ఇటు బండి ఏమో నిలబడి పాడైపోతోంది. ట్యాంకులో పెట్రోలు చెడి కార్బురేటర్‌లో జిగురులా పడుతుంది. ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. టైర్లు పగుళ్ళిస్తాయి. నెల గడిచేకొద్దీ అప్పు పెరుగుతోంది, బండి వెల తగ్గుతోంది. "అమ్మా, ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీరే చెప్పండి" అన్నాను. అమ్ముదామని ఆమే చెప్పింది.

అప్పుడే మన సంఘ పెద్దలలో ఒకరు ముందుకొచ్చి 30,000 ఇస్తానన్నారు. "పాత ఇనుము వాడికి వేస్తే అదీ రాదు. అయ్యగారూ, మీరొక మాట చెప్పండి, ఆమె వింటుంది" అన్నారు. నేను మాట చెబితే ఆమె వింటుందన్నది నిజమే. అందుకే నాకు భయం వేసింది. మొక్కుబడి పశువుకైనా ఇంటికైనా వెల నిర్ణయించే బాధ్యతను లేవీయకాండము 27వ అధ్యాయం యాజకునికి అప్పగించింది. నాకు ఇంజన్ల గురించి తెలియదు. తెలియనివాడు విధవరాలి సొత్తుకు వెల చెప్పకూడదు. గుంటూరులో పాత బుల్లెట్లు బాగుచేసే ఒక మెకానిక్‌ను పిలిపించాం.

ఆయన బండి చుట్టూ తిరిగి నాలుగు విషయాలు చూశాడు. ఇంజన్ మీది నంబరు, ఛాసీ మీది నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబర్లు కలుస్తున్నాయా? కలిశాయి. ట్యాంకు, హెడ్‌లైట్ తొడుగు, మడ్‌గార్డులు కంపెనీతో వచ్చినవేనా? సైలెన్సర్ ఒక్కటే మార్చారు. కిక్ రాడ్ మీద నిలబడితే మనిషి బరువును ఇంజన్ ఆపుతుందా? ఆపింది. కాగితాలు బ్రతికి ఉన్నాయా? ఆర్‌సీ గడువు దాటిపోయింది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి.

కొడుకు రంగు సంగతి అడిగితే మెకానిక్ వద్దన్నాడు. ఇలాంటి బండ్లు కొనేవాళ్ళు గీతలు పడినా మొదటి రంగునే కోరుకుంటారట. ఆ ఇనుప ఇంజన్, ఆ కుడివైపు గేరు ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు. అందుకే వాటికి గిరాకీ. అయితే ఎవరైనా వింటేజ్ అని చెబితే నమ్మవద్దన్నాడు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపం మారకూడదు. పైగా అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. చివరికి, అమ్మకానికి పెట్టినవాళ్ళు అడిగే ధర కాకుండా ఈ మధ్య నిజంగా చేతులు మారిన బండ్ల ధర చెప్పి, అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేశాడు. లక్షకు తక్కువ ఇవ్వవద్దన్నాడు.

సామెతలు 20:14లో సొలొమోను ఒక కొనుగోలుదారుణ్ణి మన ముందు నిలబెడతాడు. బేరం ఆడేటప్పుడు అతను వస్తువును తీసిపారేస్తాడు. పక్కకు వెళ్ళాక దొరికిన లాభాన్ని గొప్పగా చెప్పుకుంటాడు. మూడు వేల ఏళ్ళ కిందటి ఆ మనిషిని మన పశువుల సంతలో ప్రతి వారం చూడవచ్చు. సంతలో ఇద్దరికీ ధర తెలుసు గనుక అది బేరం. ఎదుటి మనిషికి ధర తెలియనప్పుడు, అప్పు మెడ మీద ఉన్నప్పుడు, దాన్ని బేరం అనలేం.

ఆ రాత్రి పెద్దగారి ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. "అన్నగారూ, ఆ బండి మీరు కొంటే నాకు సంతోషమే. మెకానిక్ చెప్పిన వెలకు కొనండి. లేదా వదిలేయండి" అన్నాను. ఆయన మా మందిరపు రేకుల కోసం అందరికంటే ఎక్కువ ఇచ్చిన మనిషి. ఆ మాటకు ఏమీ అనలేదు. రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. ఆ రెండు ఆదివారాలు ఆయన ఖాళీ కుర్చీని చూస్తూ వాక్యం చెప్పడం నాకు కష్టమైంది. మూడో ఆదివారం వచ్చారు. ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "వెల తెలియక అడగలేదయ్యగారూ. ఆమెకు అప్పుందని తెలిసే అడిగాను. ఈ సంగతి మీరు సంఘానికి చెప్పినా నాకు అభ్యంతరం లేదు" అన్నారు. ఆయన మాట మీదే ఇక్కడ రాశాను. ఇలా ఒప్పుకోవడానికి ఎంత కృప కావాలో మనందరికీ తెలుసు.

ఆ తర్వాత కాగితాల పని. బండి ఇంకా పెద్దాయన పేరునే ఉంది. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే సరిపోతుందని ఊళ్ళో అన్నారు. అది ప్రమాదం. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని అని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి. మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకు మార్పు కోరాలి. ఆలస్యమైతే అపరాధ రుసుము కట్టి చేయించుకోవచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం, పిల్లల అంగీకారం కావాలి. పిల్లల అంగీకారం ఎందుకంటే, క్రైస్తవ కుటుంబంలో భర్త వీలునామా లేకుండా పోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగతా రెండు వంతులు ఇస్తుంది. కొడుకు, కూతురు ఇద్దరూ అమ్మకే అని సంతకాలు చేశారు. ఆర్‌సీ పునరుద్ధరణ అయ్యాక, ఫారం 29, ఫారం 30 మీద కొన్నవారి పేరుకు మారింది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు 1,15,000కు కొన్నాడు. డబ్బు నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో పడింది. మరిది, పిల్లలు, ఇద్దరు సంఘ పెద్దలు సాక్షులుగా కూర్చున్నారు. వారిలో ఒకరు ఎవరో మీరు ఊహించగలరు. బోయజు కూడా నయోమి భర్త పొలం సంగతి గవిని దగ్గర పదిమంది పెద్దల ఎదుటే తేల్చాడు కదా.

డబ్బు రాగానే ఆమె మందిరానికి కొంత ఇస్తానంది. నేను రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం చదివి వినిపించాను. ప్రవక్త శిష్యుని భార్యకు ఎలీషా చెప్పిన వరుస ఇది: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి. ఎలీషా తన వంతు అడగలేదు. ఆమె ముందు అప్పు తీర్చింది. ఖర్చులు పోగా మిగిలినదానితో ఒక పాడి గేదెకు బయానా ఇచ్చింది. మొదటి వారం పాలు మాత్రం మా ఇంటికి పంపింది. వద్దనలేదు.

ఆమె ఆ సామాన్ల సంచిని అమ్మలేదు. స్పానర్లు, రాగి తీగ చుట్ట, పెద్దాయన చేతిరాతతో ఉన్న లెక్కల పుస్తకం అందులో ఉన్నాయి. ఆ పుస్తకంలో చాలా పేర్ల ఎదురుగా మోటారు బాగుచేసిన తేదీ ఉంది గాని డబ్బు పుచ్చుకున్న గుర్తు లేదు. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు తెచ్చి పేతురుకు చూపించారు. మనిషి జ్ఞాపకం చేసిన మేలులో నిలుస్తుంది. బండి అమ్మితే అది పోదు, ఉంచినంత మాత్రాన దక్కదు.

ప్రియులారా, మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, బండి ఉన్న ప్రతివారూ ఆర్‌సీలో నామినీ పేరు చేర్పించండి. 2021 నుండి నిబంధనలు ఆ వీలు కల్పించాయి. రెండవది, దుఃఖంలో ఉన్న ఇంట ఏదైనా కొనదలిస్తే, ముందు వాళ్ళకు దాని నిజమైన ధర తెలియనివ్వండి, ఆ తర్వాత బేరమాడండి. మూడవది, సంఘంలో విధవరాండ్ర కోసం ప్రార్థన చేసేటప్పుడు, రవాణా కార్యాలయానికో తహసీల్దారు కార్యాలయానికో వాళ్ళతో ఒక రోజు వెళ్ళగలవారు ఎవరని కూడా అడుగుకుందాం. కూలి రోజు పోగొట్టుకొని ఒక్కతే వరుసలో నిలబడే స్త్రీకి అది కూడా పరిచర్యే.

ప్రార్థన: తండ్రీ, మా త్రాసులను నీ ఎదుట నిలుపుతున్నాము. మా లెక్కల్లో న్యాయాన్ని, మా దుఃఖాల్లో నీ తోడును దయచేయుము. ఒంటరిగా మిగిలిన ప్రతి తల్లికి నమ్మకమైన సాక్షులను లేపుము. యేసు నామమున, ఆమేన్.